అల్లం గొంతు, ఆయన గొంతు

పి సాయ్‌ఖూమి దేవుణ్ణి అడక్కుండా అడుగు తీసి అడుగు వేయదు. విన్నవాళ్ళు ఆహా ఎంత భక్తి అనుకుంటారు. ఆమె అడుగుతున్నంతసేపూ రోడ్డు మీద ఆగిపోయిన జీపులో ఇరుక్కుని కూర్చున్నవాళ్ళు ఇంకోలా అనుకుంటారు. నేను ఆమెను మొదటిసారి చూసింది అలాంటి జీపులోంచే.

ఐజాల్ నుంచి చంఫాయి వైపు పోతున్నాం. మిజో కొండల్లో రోడ్డు వేసినవాడికి తిన్నని గీతతో ఏదో పాత కక్ష ఉండి ఉండాలి. ఎదుటి గుట్ట మీద ఊరు కనిపిస్తుంది, ఆ ఊళ్ళో కుక్క మొరిగితే వినిపిస్తుంది, చేరేసరికి మాత్రం పూట గడుస్తుంది. అలాంటి ఒక మలుపు తిరిగేసరికి రోడ్డుకి నట్టనడుమ ఒక ముసలావిడ నిలబడి ఉంది. నుదుటికి పట్టీ, పట్టీకి వేలాడుతూ వీపున వెదురుబుట్ట, బుట్టనిండా బెంగళూరు వంకాయలు. కళ్ళు మూసుకుని ఉంది.

డ్రైవరు రేమ్‌రువాతా బ్రేకు మీద దాదాపు లేచి నిలబడ్డాడు. ముప్పయ్యేళ్ళవాడు, బుగ్గలో ఎప్పుడూ వక్క. తల బయటపెట్టి అరిచాడు.

"అవ్వా, ఎక్కుతావా?"

ఆవిడ కళ్ళు తెరవకుండానే అరచెయ్యి చూపించింది, ఆగమని.

"ఏం చేస్తోంది?" అని పక్కాయన్ని అడిగాను.

"అడుగుతోంది."

"ఎవర్ని?"

ఆయన బొటనవేలు పైకి చూపించాడు. జీపు టాపు మీద మా మూటలు, రెండు కోళ్ళగంపలు ఉన్నాయి. కోళ్ళనేమో అనుకున్నాను.

రేమ్‌రువాతా ఇంజను ఆపేశాడు. ఆపాడంటేనే ఇది అలవాటైన వ్యవహారమని నాకు తెలియాల్సింది. వక్క నమిలాడు, ఉమ్మాడు, మళ్ళీ అరిచాడు. "అవ్వా, పైకి లైను కలిసిందా?"

"ఇంకా మాట రాలేదు రేమా. నువ్వరిస్తే ఎలా వస్తుంది?"

పది నిమిషాలకి వచ్చింది. "ఎక్కమన్నాడు" అంటూ బుట్టతో సహా నా ఒళ్ళోకి దాదాపు ఎక్కేసింది. మూడు మలుపులు తిరిగామో లేదో డ్రైవరు భుజం తట్టింది. "ఆపు, ఆపు. దిగమన్నాడు."

"ఇక్కడా? ఇక్కడేముంది అవ్వా, ఇటు కొండ, అటు లోయ!"

"ఏముందో నాకు మాత్రం తెలుసా?"

"మరి ఇందాక ఎక్కమన్నదెందుకూ?"

"దిగడానికి" అంది, దిగింది. దిగి, బుట్ట సర్దుకుని, లోయలోకి పోయే కాలిబాట పట్టి, ఇటు తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

"వెళ్ళొస్తానని కూడా చెప్పదా?" అన్నాను.

"ఎలా చెప్తుంది సారూ?" అన్నాడు రేమ్‌రువాతా గేరు వేస్తూ. "వెళ్తుందో, వస్తుందో తనకి తెలిస్తేగా!"

నేను ఆ దారిలోనే ఉన్న లుంగ్‌వార్ అనే ఊళ్ళో బళ్ళో లెక్కలు చెప్పడానికి రెండు నెలల కోసం వెళ్ళి పందొమ్మిదేళ్ళు ఉండిపోయిన మనిషిని. నిలకడ లేనివాడి జీవితంలో ఇదో వింత. ఏ ఊళ్ళోనూ రెండు వానాకాలాలు చూడనివాణ్ణి అక్కడ పందొమ్మిది చూశాను. అంతకుముందు చాలా చోట్ల తిరిగాను. గంగ ఒడ్డున దేవుడితో జగడమాడేవాళ్ళని చూశాను. కొంకణ తీరంలో పడవ నీళ్ళలోకి తోసేముందు దేవుడికి గట్టి వార్నింగు ఇచ్చే జాలరిని చూశాను. నేపాలు దారిలో ఒకాయన దేవుడికి రోజూ కార్డుముక్క రాసి నదిలో వేసేవాడు, తన చిరునామాతో సహా. అందరూ మాట్లాడేవాళ్ళే. చెప్పాల్సింది చెప్పేసి, జవాబు వచ్చేలోగా లేచి దుమ్ము దులుపుకుని పోయేవాళ్ళే. నేనూ ఆ బాపతే. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఉన్నచోటే నిలబడిపోయే మనిషి ఈ పి సాయ్‌ఖూమి ఒక్కతే.

పి అంటే అవ్వ, పు అంటే తాత. ఊరికంతటికీ అవ్వే. భర్త పోయి ముప్పై ఏళ్ళు, పిల్లలు లేరు, వెదురుతడకల ఇల్లు, ఒక పంది, కొండవాలున కాస్త పోడు. ఇవి కాక ప్రభువు. ఆయన సలహా లేకుండా ఆవిడ పందికి కుడితి కూడా మార్చదు.

ఒకసారి చంఫాయి బజారులో గొడుగు కొనడానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. నల్లదొకటి, పువ్వులదొకటి నచ్చాయి. రెండూ విప్పి రెండు చేతుల్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను టీ తాగొచ్చాను. పాత చెప్పులు కుట్టించుకొచ్చాను. తిరిగొచ్చేసరికి వాన మొదలైంది. షాపతను బయటికొచ్చి ఆవిడ పట్టుకున్న పువ్వుల గొడుగు కింద నిలబడ్డాడు, నేను నల్లగొడుగు కింద దూరాను. గంటసేపు కుండపోతగా కురిసింది. వెలిశాక ఆవిడ కళ్ళు తెరిచి రెండూ మడిచి అతని చేతిలో పెట్టింది.

"వద్దన్నాడు."

"వద్దనడానికి ఇంతసేపా అవ్వా!" అన్నాడతను.

"ఇప్పుడు వాన వెలిసింది కదా నాయనా, ఇంక ఎందుకూ?"

షాపతను తర్వాత నాతో అన్నాడు, ఇంత గిరాకీ లేని గిరాకీని తన జన్మలో చూడలేదని. అన్నాడుగానీ, ఆవిడ వెళ్ళేటప్పుడు గుప్పెడు వక్కలు ఇచ్చి పంపాడు.

ఆవిడ విన్నదల్లా నిజమేనా అంటే, ఆ మాట అడగాల్సింది అల్లాన్ని.

నేను వెళ్ళిన రెండో ఏడు. చుట్టుపక్కల కొండలన్నీ అల్లం వేస్తున్నారు, అల్లానికి రాబోయే ఏడు బంగారం ధర అని ఎవరో పుట్టించారు. పి సాయ్‌ఖూమి పోడు మధ్య నిలబడి అడిగింది. ఎన్నడూ లేనిది వెంటనే జవాబు వచ్చింది. అల్లం వెయ్యి అని, అదీ మూడుసార్లు. ఆదివారం గుళ్ళో లేచి సాక్ష్యం చెప్పింది, ప్రభువు నాతో ఇంత స్పష్టంగా ఎప్పుడూ మాట్లాడలేదని. పందిని అమ్మి విత్తనం కొంది. పంట విరగపండింది. అందరికీ విరగపండింది. అంచేత కొనడానికి ఒక్క లారీ రాలేదు. ఆర్నెల్లపాటు మా ఊరంతా టీలో అల్లం, పంది కూరలో అల్లం, దగ్గుకి అల్లం, దగ్గు లేకపోయినా అల్లం. మా బళ్ళో పిల్లల నోటుపుస్తకాలు కూడా అల్లం వాసన కొట్టేవి.

అప్పుడొక ఆదివారం ఆవిడ మళ్ళీ గుళ్ళో లేచింది.

"పోయినేడు ఇక్కడే నిలబడి ప్రభువు నాతో మాట్లాడాడని చెప్పాను. ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నా. మాట్లాడింది ప్రభువు కాదు. అల్లం."

పాస్టరుగారు బల్ల పట్టుకుని ఒంగిపోయి నవ్వు ఆపుకున్నారు. ఆపుకోలేనివాళ్ళు బయటికి పోయారు. నేను ఎన్నో మతాల సభలు చూశాను. విన్నానని చెప్పినవాళ్ళు లెక్కలేనంతమంది. తప్పు విన్నానని అదే చోట నిలబడి చెప్పినవాళ్ళని మాత్రం వేళ్ళ మీద కాదు, ఒక్క వేలి మీద లెక్కపెట్టొచ్చు.

ఆ రోజునుంచీ మా ఊరికి ఒక కొత్త సామెత దొరికింది. ఎవరైనా తన కోరికని దేవుడి నోట పలికిస్తే చాలు, "అల్లం మాట్లాడుతోంది" అనేవారు. సంఘపెద్ద పు జాకాపాకి పక్క ఊరి గుడి కంటే మన గుడి శిఖరం రెండు మూరలు ఎత్తు ఉండాలని చాలా ఉండేది. మీటింగులో గొంతు సవరించుకుని, "ప్రభువు నా హృదయాన్ని ప్రేరేపిస్తున్నాడు..." అని ఎత్తుకోగానే వెనక బెంచీలోంచి ఎవరో, "పెద్దాయనా, అల్లం కాదుగదా?" అన్నారు. శిఖరం ఈనాటికీ అంతే ఎత్తుంది.

"ఇంతకీ ఏది ఆయన గొంతో, ఏది అల్లం గొంతో ఎలా తెలుస్తుంది అవ్వా?" అని ఒకనాడు అడిగాను. వెదురుమొలకలు తరుగుతోంది.

"నీ మనసుకి నచ్చింది, గబగబా, గట్టిగా చెప్తే అల్లం."

"మరి ఆయన?"

"ఆయనకి తొందర లేదు. ఒకసారి మెల్లగా చెప్తాడు. విన్లేదనుకుంటాం. విన్నాం, నచ్చలేదంతే. మళ్ళీ అంతే మెల్లగా చెప్తాడు. నువ్వు పిల్లలకి ఎక్కాలు చెప్పేటప్పుడు అరుస్తావు చూడూ, అలా కాదు."

"అది తెలుసుకోవడానికి ఎన్నేళ్ళు పట్టింది?"

"ఒక పంది పట్టింది" అంది.

శనివారం వచ్చిందంటే ఆవిడకి ఊరేగింపు. మిజో ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టాక, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది. అది ప్రభువుది. ఉన్నింటివాళ్ళైనా లేనింటివాళ్ళైనా వండిన ప్రతిసారీ ఆ పిడికెడు తప్పదు. వారానికోసారి సంఘం ఆడవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి దాన్ని పోగుచేస్తారు. మా పేటకి పి సాయ్‌ఖూమి. ఇరవై రెండిళ్ళు, ఇంకెవరైనా ఒక ఉదయంలో ముగిస్తారు, ఈవిడకి దీపాలవేళ అయ్యేది. ప్రతి గుమ్మం ముందూ ముందు ఈ ఇంటికా, ఆ ఇంటికా అని అడగాలి కదా. పైగా ఇంకో అలవాటు. డబ్బా అందుకోగానే చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపేది. తర్వాత బియ్యాన్ని సంచిలోకి ఒంపకుండా చేత్తో కొంచెం కొంచెంగా తీసేది.

"ఏమంటున్నాడవ్వా డబ్బాలోంచి?" అని రేమ్‌రువాతా తన గుమ్మంలోంచి ఏడిపించేవాడు.

"నీ నోరు తగ్గించుకోమంటున్నాడు."

ఊళ్ళో ఆవిణ్ణి ఎక్కువగా ఏడిపించేది వాడే. ఆవిడ కోసం రోడ్డు మీద ఎక్కువసార్లు ఇంజను ఆపిందీ వాడే గనుక, ఆ హక్కు తనకుందనుకునేవాడు.

తర్వాత ఒక ఏడు వానలు మేలోనే మొదలై మరి ఆగలేదు. జూన్ మొదటివారంలో రేమ్‌రువాతా జీపు గేరుబాక్సు పోయింది. అది రావాల్సింది సిల్చర్ నుంచి. కొత్తది పంపారో లేదో, కొండచరియ విరిగి రోడ్డు రెండుచోట్ల లోయలోకి జారిపోయింది. జీపు తాటాకుబొమ్మలా గుమ్మం ముందు కూర్చుంది. వాడికి పోడు లేదు. ఆ జీపే పొలం, ఆ జీపే పంట. భార్య సియామి, ముగ్గురు పిల్లలు. నెల గడిచింది.

వాడికి పొగరు అనడం తేలిక. వాళ్ళ నాన్న కూలిపని చేసి చేసి కొడుక్కి స్టీరింగు పట్టించాడు. ఇంకొకరి చేతికింద చెయ్యి పెట్టకూడదని చెప్పి పోయాడు. వాడు ఆ మాట పట్టుకున్నాడు. పక్కింటివాళ్ళు పంది కూర గిన్నె పంపితే గిన్నె కడగకుండా, కూర ముట్టకుండా తిరిగిచ్చొచ్చాడు. పాస్టరుగారు బియ్యం పంపిస్తే "ఇంతకంటే లేనివాళ్ళున్నారు సారూ" అని వాకిట్లోంచే పంపేశాడు. నాతో మాత్రం ఒకరోజు అన్నాడు. "చంఫాయిలో ఒకాయన జీపు ఉన్నదున్నట్టు కొంటానన్నాడు. అమ్మేసి మైదానాలకి పోయి ఎవరి బండో తోలుకుంటా." ఆ మాటంటూ వాడు జీపు బానెట్టు మీద చెయ్యేసి నిమిరాడు, పశువుని నిమిరినట్టు. ఈ కొండమలుపులు తప్ప ఇంకేమీ తెలియనివాడు.

సరిగ్గా అప్పుడే ప్రభువు పి సాయ్‌ఖూమిని నలభై రోజులు పొయ్యి వెలిగించొద్దన్నాడు.

ఒక సోమవారం పొద్దున్నే ఆవిడ వెదురుబుట్టతో రేమ్‌రువాతా గుమ్మంలో నిలబడింది. ఈసారి కళ్ళు తెరిచే ఉంది.

"సియామీ, మీ పొయ్యి ఖాళీయేనా?"

"ఎందుకవ్వా?"

"నలభై రోజులు నా ఇంట్లో నిప్పు వెయ్యొద్దన్నాడు. తిండి మానెయ్యమన్లేదు. అందుకని మీ పొయ్యి మీద వండుకుంటా. నా బియ్యం నేనే తెచ్చుకున్నాలే."

రేమ్‌రువాతా లోపల్నుంచి వచ్చాడు. "ఊళ్ళో ఇన్నిళ్ళుండగా మా ఇల్లే ఎందుకు దొరికింది మీ ఆయనకి?"

"అడిగాను. ఇంకా మాట రాలేదు" అంటూ చెప్పులు విప్పి లోపలికి పోయింది.

వాడేం చేస్తాడు? తనకి పెట్టడానికొస్తే తిప్పిపంపొచ్చు. పొయ్యి అడగడానికొచ్చిన ముసలమ్మని గుమ్మంలోంచి తిప్పిపంపితే ఆ కొండల్లో మనిషి కింద లెక్క కాడు.

ఊరికి ఇక నవ్వే నవ్వు. ఆవిడ రోజుకి రెండుపూటలా దిగేది. అంత చిన్న మనిషి ఆరుగురికి సరిపోయే కుండ ఎక్కించేది. "చిన్న కుండలో వండితే నాకు అరగదు" అనేది. ఆకుకూరలు, ఎండుచేప, ఒక్కోరోజు పొగబెట్టిన పంది మాంసం. వండాక ప్రార్థన. సియామి తర్వాత చెప్పింది, ఆ ప్రార్థనలో ఊళ్ళో ఉన్న ప్రతి ఇంటి పేరూ వచ్చేదట, పందులతో సహా. ప్రార్థన అయ్యాక నాలుగు ముద్దలు తిని, "చాల్లే, వండేటప్పుడే కడుపు నిండిపోయింది. మిగిలింది పారేస్తే పాపం, పిల్లలూ, కానివ్వండి" అనేది. తిని ఊరుకునేదా, సియామి ఉప్పు ఎక్కడ పెట్టినా తప్పే, రేమ్‌రువాతా ఎలా కూర్చున్నా తప్పే.

వాడు టీకొట్లో కూర్చుని నెత్తి కొట్టుకునేవాడు. "నా నెత్తిమీద కూర్చుంది సారూ! ఇంకా ఇరవై ఆరు రోజులు! గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నా."

"పొమ్మనలేకపోయావా?"

"దేవుడు పంపితే నేనెలా పొమ్మంటాను? నాకు బండి నడపడం వచ్చుగానీ ఆయనతో వాదించడం రాదు."

టీకొట్టువాళ్ళు పొట్టలు పట్టుకునేవారు. నేనూ నవ్వాను. నవ్వుతూ ఎందుకో వాడి మొహంలోకి చూశాను. కష్టాల్లో ఉన్న మనిషి బుగ్గలు అలా నిండుకుంటాయా అని ఒక్క క్షణం అనిపించింది. లెక్కల మాస్టర్ని, అయినా కూడిక అప్పుడు చెయ్యలేదు.

పాపం ఇంత బరువు ఆ కుటుంబం మీద ఎందుకని సంఘపెద్దలు ముగ్గురు వెళ్ళారు. పు జాకాపా మెత్తగా మొదలుపెట్టాడు. "అమ్మా, ఒక వారం మా ఇంట్లో వండుకోరాదూ?"

"నలభై అన్నాడు, ఆ ఇల్లన్నాడు."

"నలభై అంటే మరీ..."

"పెద్దాయనా, నలభై రోజుల సంగతి నాకంటే మీకే బాగా తెలియాలి" అంది.

నలభై అన్నాక సంఘపెద్ద ఏం మాట్లాడతాడు? బైబిలంతా నలభైలే, నలభై రోజుల వాన, నలభై రోజుల ఉపవాసం. ముప్పై ఏడంటే బేరమాడొచ్చు. పైగా విన్నది తప్పయితే గుళ్ళో లేచి తనే చెప్పుకున్న మనిషి. అలాంటి మనిషి మాటని అనుమానించేవాళ్ళు ఎవరూ లేరు.

ఇరవై తొమ్మిదో రోజున చంఫాయి ఆయన వచ్చాడు. రోడ్డు విరిగినచోట నడిచి దాటి, అవతల ఇంకో బండెక్కి వచ్చాడు. జీపు చుట్టూ తిరిగాడు, టైర్లు తన్నాడు. నేను అక్కడే ఉన్నాను, సాక్షి సంతకానికని రేమ్‌రువాతా పిలిచాడు. వాడి మొహం చూడలేక జీపు అద్దంలో నా మొహం చూసుకుంటున్నాను.

"ఏమంటావు మరి?" అన్నాడు వచ్చినాయన.

లోపల పొయ్యి దగ్గర పి సాయ్‌ఖూమి. రేమ్‌రువాతాకి ఏడుపు వచ్చినట్టుంది. ఏడవలేక వేళాకోళం చేశాడు. "అవ్వా, బండి అమ్మమంటాడా మీ ఆయన? అడిగి చెప్పు."

అనకూడని మాట అన్నాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి బయటికి వచ్చింది. జీపు ముందు, సరిగ్గా దానికి అడ్డంగా నిలబడింది. కళ్ళు మూసుకుంది.

"ఇదేమిటి?" అన్నాడు కొనేవాడు.

"అడుగుతోంది" అన్నాను.

"ఎవర్ని?"

నేను బొటనవేలు పైకి చూపించాను.

అరగంట అయింది. సియామి టీ ఇచ్చింది. గంట అయింది. మళ్ళీ టీ ఇచ్చింది. వాకిట్లో జనం చేరారు. పు జాకాపా కూడా వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. దేవుణ్ణి అడుగుతుండగా మధ్యలో మాట్లాడే ధైర్యం ఆయనకీ లేదు. కొనేవాడు గడియారం చూసుకున్నాడు, ఆకాశం చూశాడు.

"అవ్వా, నాకు మంచు దిగేలోగా పోవాలి."

"ఇంకా మాట రాలేదు నాయనా."

"ఆవిడతో నాకేం పని? బండి నీదా, ఆవిడదా?" అని రేమ్‌రువాతా మీద పడ్డాడు.

రేమ్‌రువాతా ఆవిడ వైపు చూశాడు. ఎన్ని మలుపుల్లో ఎన్ని గంటలు ఆమె కోసం ఇంజను ఆపి కూర్చున్నాడో. "బండి నాదే" అన్నాడు. "కానీ ఈవిడ అడుగుతుండగా నేనెప్పుడూ గేరు వెయ్యలేదు."

మూడో గంటకి లోయలోంచి మంచు లేచింది. కొనేవాడు వచ్చేవారం వస్తానని, ఈసారి ఈవిణ్ణి ముందే అడిగించి పెట్టమని చెప్పి విసురుగా వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగాక ఆవిడ కళ్ళు తెరిచింది.

"ఏమన్నాడవ్వా?" అని ఊరంతా ఒక్క గొంతుతో అడిగింది.

"కూర మాడుతోందన్నాడు" అంటూ లోపలికి పరిగెత్తింది.

వచ్చేవారానికి అతను రాలేదు. ఆ వారంలోనే, ముప్పై ఏడో రోజున రోడ్డు తెరిచారు, గేరుబాక్సు వచ్చింది. జీపు దగ్గి, తుమ్మి, మొరాయించి, చివరికి పలికింది. ఆ సాయంత్రం రేమ్‌రువాతా పిల్లలందర్నీ ఎక్కించుకుని ఊరు మూడుచుట్లు తిప్పాడు. పి సాయ్‌ఖూమి మర్నాడూ బుట్టతో వచ్చింది. "ఇంకా మూడు రోజులుంది" అంది. నలభై పూర్తిచేసే వెళ్ళింది.

రెండు నెలల తర్వాత నేను ఆ జీపులో ఐజాల్ పోతున్నాను, ముందుసీట్లో. మాటల్లో మాటగా అన్నాను, "పాపం, ముసలావిడ నిన్ను బాగానే కాల్చుకు తింది."

వాడు గేరు తగ్గించాడు.

"ఆవిడొచ్చేనాటికి మా ఇంట్లో బియ్యం పది రోజులకి మించి లేవు సారూ. పదకొండో రోజు డబ్బా తీసి చూశా. అలాగే ఉన్నాయి. ఇరవయ్యో రోజుకి పెరిగాయి. వండుకోడానికొచ్చి మా డబ్బాలో పోసి పోయేది."

"అంటే నీకు తెలుసా! మరి టీకొట్లో అంత గోల చేశావే?"

"చెయ్యకపోతే ఊరికి తెలిసిపోదూ? ఆవిడ అంత కష్టపడి నాకు బరువైంది. బరువైనట్టు నేను మూలగొద్దూ?"

నేను నోరు తెరిచేలోగా వాడు బ్రేకు వేశాడు. మలుపులో, రోడ్డుకి నట్టనడుమ, వెదురుబుట్టతో పి సాయ్‌ఖూమి.

రేమ్‌రువాతా ఇంజను ఆపాడు. వెనక సీట్లో ఎవరో కొత్తాయన "ఏమిటిది, హారను కొట్టు" అన్నాడు. వాడు వెనక్కి తిరిగి, "అడగనివ్వండి" అన్నాడు, గుళ్ళో మాట్లాడే గొంతుతో.

నేను దిగి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. "అవ్వా, ఒక్క మాట. వాళ్ళింట్లో ఇబ్బంది నీకెలా తెలిసింది? వాడు ఎవరికీ చెప్పే రకం కాదు."

ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"రెండుపూటలా వండే ఇంట్లో వారానికి ఎన్ని పిడికిళ్ళు?"

"పద్నాలుగు."

"వాళ్ళ ప్రభువు డబ్బాలో ఏడున్నాయి. సియామి పిడికిలి నాకు తెలుసు. చిన్నది చేసి మోసం చెయ్యలేదు పిల్ల. వండినప్పుడల్లా నిండుగానే వేసింది. వండడమే ఒక్కపూట. రెండో వారమూ ఏడే."

పందొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ ఏడు పిడికిళ్ళ లెక్క నాకు తట్టలేదు. "అప్పుడు ప్రభువుని అడిగావా?" అన్నాను.

"లేదు."

"గొడుక్కి గంటన్నర అడిగావు!"

"గొడుగు సంగతి నాకు తెలీదు, అందుకని అడిగాను. ఆకలేసిన ఇంట్లో ఏం చెయ్యాలో ఆయన ఎప్పుడో చెప్పేశాడు. చెప్పిందే మళ్ళీ మళ్ళీ అడిగితే, నువ్వైతే బెత్తం తియ్యవూ?"

"మరి నలభై రోజులు పొయ్యి వెలిగించొద్దని..."

ఆవిడ రెండో కన్నూ తెరిచింది. అటూ ఇటూ చూసింది. జీపులో రేమ్‌రువాతా చాలా శ్రద్ధగా అద్దం తుడుస్తున్నాడు. ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది.

"అది అల్లం."

"అవ్వా!"

"గట్టిగా అరవకు. ఆయన పేరు మీద నా మాట చెప్పాను, తప్పే. రోజూ క్షమాపణ అడుగుతూనే ఉన్నా."

"ఏమన్నాడు?"

"ఇంకా మాట రాలేదు" అంది. అన్నప్పుడు మొహంలో దిగులుండాలి కదా. మెరుపుంది. ఆయన కూడా ఎక్కడో బల్ల పట్టుకుని ఒంగి నవ్వు ఆపుకుంటున్నాడని ఆవిడకి తెలిసినట్టే ఉంది.

"అవ్వా, ఎక్కుతావా?" అని రేమ్‌రువాతా కేకేశాడు.

ఆవిడ అరచెయ్యి చూపించి కళ్ళు మూసుకుంది. మేం పదకొండుమందిమి ఆగాం. టాపు మీద గంపలో కోళ్ళు కూడా ఊరుకున్నాయి. కాసేపటికి కళ్ళు తెరిచి, నుదుటి పట్టీ సర్దుకుని, మా ఎవరి వైపూ చూడకుండా, రోడ్డు దిగి లోయలోకి పోయే కాలిబాట పట్టింది. ఆ వాలులో అంత కిందగా ఒకే ఒక్క ఇల్లుంది. ఆ పూట దాని కప్పు మీద పొగ లేదు.